నాయన చేసిన హబ్బు

పోయిన నెల బెంగళూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు దాని కొడుకు ఒక అట్టపెట్టె విప్పి, అందులోంచి సైకిలు వెనక చక్రానికి నడిమధ్య వేసే హబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. "చూడు మామా, దీనికి ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. కాలు ఆపడానికి లేదు," అన్నాడు. అక్కడి కుర్రాళ్ళకు ఇప్పుడు ఇదొక సరదా అట. వేరే దేశం నుంచి తెప్పించుకున్నాడట. నేను దాన్ని వేళ్ళతో తడిమాను. ఒక పక్కన రెండు మెట్లుగా మరచుట్ల త్రెడ్డు కోసి ఉంది. పెద్ద మెట్టు మీద మామూలు త్రెడ్డు, దాని బయట చిన్న మెట్టు మీద ఉల్టా త్రెడ్డు. కళ్ళు మూసుకున్నా నాకు అది తెలుస్తుంది. పెట్టెలో జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి ఉంటే వాడు చదవకుండానే ఉండచుట్టి పారేశాడు. నేను దాన్ని తీసి, మడతలు సాపు చేసి, రెండుసార్లు చదివాను. "అవి ఎవరూ చదవరు మామా," అని వాడు నవ్వాడు. "ఇలాంటిది నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగాడు. ఎక్కడో చూసినట్టుంది అన్నాను. హబ్బును తిరిగి పెట్టెలో పెట్టాను. ఇంటికి వచ్చినప్పటి నుంచీ వేరే పని మీద మనసు నిలవడం లేదు.

నాకు మూడో ఏట జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది నా ఎడమకాలిలోని బలాన్ని తీసుకుపోయింది. మోకాలి కింద కాలు సన్నగా, ఎప్పుడూ చల్లగా ఉంటుంది. నాయన ఆ కాలి గురించి ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు. దాని పేరెత్తకుండా, దాన్ని చూడకుండా, దానికి కావలసినవన్నీ చేసేవాడు. చిత్తూరు గిరింపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఇనుము చెక్కే ఒక పాత లేతు మిషను. చెరకు గానుగల ఇరుసులు, బోరు పంపుల సామాన్లు, బండి చక్రాల బుష్షులు అన్నీ అక్కడికే వచ్చేవి. బెల్లం కాలంలో గానుగలు విరిగినంతగా ఇంకెప్పుడూ విరగవు. ఆ నెలల్లో మా ఇల్లంతా కాలిన నూనె, వేడి ఇనుము, మిషను మీద పోసే పాలలాంటి తెల్లటి నీళ్ళ వాసన కలిసిపోయి ఉండేది. అమ్మ సంగటి కెలికినా ఆ వాసనే, ఊరిబిండి పచ్చడి నూరినా ఆ వాసనే. సాయంత్రం మిషను ఆపాక నాయన రంపపు పొట్టులో కిరసనాయిలు కలిపి చేతులు రుద్దుకునేవాడు. తర్వాత గడప మీద కూర్చుని అరచేయి చాపేవాడు. అమ్మ పిన్నీసుతో అందులో గుచ్చుకున్న ఇనుప ముక్కలు ఒక్కొక్కటే తీసేది. ఆ చెయ్యి తనది కానట్టు ఆయన గోడకేసి చూస్తుండేవాడు. అమ్మే మాట్లాడేది. ఎదురింట్లో తమిళాయన కూతురి సంగతి, పాలామె నీళ్ళు కలపడం, అన్నీ ఆ అరచేతితోనే చెబుతున్నట్టు తల వంచుకుని చెప్పేది.

బడికి నన్ను నాయనే తన సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. బడి అయిపోయి కాలేజీలో చేరాక కూడా అదే. మీసాలు వచ్చిన కొడుకు తండ్రి వెనక కూర్చుని కాలేజీ గేటు దగ్గర దిగేవాడు. ఒకరోజు గేటు పక్కన నిలబడిన వాళ్ళలో ఒకడు, "మెల్లిగా దించు నాయనా, బిడ్డ పడిపోతాడు," అన్నాడు. అందరూ నవ్వారు. నాయన విననట్టే నన్ను దించి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను, "రేపటి నుంచి నీ సైకిల్ మీద రాను," అన్నాను.

"మరి ఎట్ల పోతావు?"

"నడిచి పోతాను."

"రెండు మైళ్ళుండాది రత్నా."

"ఉంటే ఉండనీ."

వారం రోజులు నడిచాను. మోకాలి మీద చెయ్యి అదిమి పెట్టి, ఒక్కో అడుగూ తోసుకుంటూ వెళ్ళేవాణ్ణి. చేరేసరికి మొదటి పాఠం అయిపోయేది. సైకిలు నేర్చుకుందామని అంతకు ముందే చాలాసార్లు ప్రయత్నించాను. కుడికాలితో పెడలును కిందికి తొక్కితే అది కిందే ఉండిపోతుంది. దాన్ని మళ్ళీ పైకి తేవాలంటే ఎడమకాలు అవతలి పెడలును తొక్కాలి. ఆ కాలికి ఆ బలం లేదు. సైకిలు అక్కడే ఆగి పక్కకు ఒరిగేది.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి సైకిలు విన్యాసాలు చేసేవాడు ఒకడు వచ్చాడు. మైదానంలో గుంజలు పాతి, మైకు పెట్టి, వారం రోజులు కింద కాలు పెట్టకుండా సైకిలు మీదే తిరుగుతానని చెప్పాడు. సైకిలు మీదే తినేవాడు, సైకిలు మీదే స్నానం చేసేవాడు. నాయన ఎన్నడూ లేనిది నన్ను తీసుకుని చూడ్డానికి వచ్చాడు. జనమంతా అతని చేతులు చూస్తున్నారు, తల మీద పెట్టుకున్న బిందె చూస్తున్నారు. నాయన మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని వెనక చక్రాన్నే చూస్తున్నాడు. అతను వెనక్కి తొక్కితే సైకిలు వెనక్కి పోతోంది. ఆట ముగిసిన మర్నాడు నాయన అతని దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఫ్రీవీలును వెల్డింగు పెట్టి అతికించేశానని, కానీ వెనక్కి తొక్కినప్పుడల్లా అది త్రెడ్డు మీద వదులైపోతుందని, రోజూ బిగించుకోవాల్సి వస్తుందని అతను చెప్పాడు. తిరిగొచ్చే దోవంతా నాయన పోయే సైకిళ్ళ వెనక చక్రాలనే చూశాడు. ఇంటి దగ్గరికి వచ్చాక, "చక్రం తిరిగితే పెడలు తిరగాల. అప్పుడు నీ కుడికాలు తొక్కుతాది, ఎడమకాలిని చక్రమే ఎత్తుకొని పోతాది," అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో నా కాలి గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

ఆ హబ్బు చేయడానికి ఆయనకు నెలన్నర పట్టింది. గిరాకీ పనులన్నీ అయ్యాక, మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత ఒక గంట దాని మీద కూర్చునేవాడు. లావాటి ఇనుప కడ్డీని లేతు మీద పెట్టి, మధ్యలో సన్నగా, రెండు చివర్లా పళ్ళేల్లా వచ్చేట్టు చెక్కాడు. ఆ పళ్ళేలకు స్పోకులు దూర్చడానికి నలభై రంధ్రాలు. ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు పోయినా చక్రం వంకర తిరుగుతుందని రోజుకు రెండో మూడో వేసేవాడు. చైను పట్టే పళ్ళచక్రం బిగించే త్రెడ్డు తేలికగానే వచ్చింది. అది వదులు కాకుండా బయటి నుంచి ఒక రింగు బిగించాలి. ఆ రింగు ఎడమవైపు తిప్పితే బిగుసుకునేదై ఉండాలి. అప్పుడు పెడలు వెనక్కి తొక్కి పళ్ళచక్రం వదులవ్వాలని చూసినా ఆ రింగు ఇంకా బిగుసుకుని దాన్ని కదలనివ్వదు. అలాంటి ఉల్టా త్రెడ్డు ఆయన అంతకు ముందు కోయలేదు. దానికి లేతు లోపలి పళ్ళచక్రాలు మార్చి మిషనును ఎదురు తిప్పించాలి. రెండు కడ్డీలు పాడయ్యాయి. రెండోది పాడైన రోజు ఆయన దాన్ని షెడ్డు మూలకు విసిరికొట్టి, చేతులు కడుక్కోకుండానే వచ్చి గడప మీద కూర్చున్నాడు. అమ్మ పిన్నీసు తెచ్చింది. "వద్దు," అన్నాడు. మూడోది కుదిరింది.

మొదటిసారి నేను దాన్ని తొక్కింది బడి మైదానంలో, ఒక ఆదివారం పొద్దున. నాయన ఎడమకాలిని తోలు పట్టీతో పెడలుకు కట్టి, సీటు పట్టుకుని నాతోపాటు పరిగెత్తాడు. కుడికాలితో తొక్కాను. పెడలు కిందికి పోయింది. నేను ఏమీ చేయకుండానే ఎడమకాలు కిందికి దిగింది, మళ్ళీ పైకి లేచింది. నాకు బుద్ధి తెలిశాక ఆ రెండు కాళ్ళూ ఒకే పని చేయడం నేను అప్పుడే చూశాను. నాయన ఎక్కడ చేయి వదిలాడో తెలియదు. తిరిగి వచ్చేసరికి మైదానం మధ్యలో రొప్పుతూ నిలబడి ఉన్నాడు. "తిరగతా ఉండాదా?" అన్నాడు. "తిరగతా ఉండాది నాయనా," అన్నాను. ఆయన అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. చాలాసేపు ఇటు తిరగలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "వాలొస్తే దిగు. దిగి నడువు. బ్రేకు పట్టినా ఇది ఆగేది కాదు. వాల్లో చక్రం ఎంత బిరీన పోతే పెడలు అంత బిరీన తిరగతాది. కట్టిన కాలు తీసుకోలేవు." నేను విన్నాను. మా వీధి చివర ఉన్న చిన్న వాలు దగ్గర కూడా దిగి నడిచేవాణ్ణి.

ఖాదర్‌ది పలమనేరు. దర్జీ. నాకంటే పదేళ్ళు పెద్ద. అతనికీ ఎడమకాలే. దారాలు, గుండీలు కొనడానికి చిత్తూరు వచ్చి, బజారులో నేను సైకిలు మీద పోతుంటే చూసి, "తమ్ముడూ, ఓ తమ్ముడూ," అని కుంటుకుంటూ వెంటపడ్డాడు. నా కాలు చూశాడు, పట్టీ చూశాడు, చక్రం చూశాడు. "ఇదెట్లప్పా?" అన్నాడు. ఆ కళ్ళలో ఉన్నది నాకు కొత్త. అప్పటిదాకా నన్ను చూసి జాలిపడినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. నాలా ఉండాలని కోరుకున్న మనిషి లేడు. నేనే అతన్ని ఇంటికి తీసుకెళ్ళాను. చుట్టుపక్కల పల్లెల్లో కొలతలు తీసుకోవాలన్నా, కుట్టినవి ఇచ్చి రావాలన్నా బస్సుల కోసం పూటలకు పూటలు కూర్చోవలసి వస్తోందని అతను నాయనతో చెప్పుకున్నాడు. నాయన అతని కాలిని ఒకసారి చూసి, "చేస్తాలే," అన్నాడు.

రెండో హబ్బు మూడు వారాల్లో అయిపోయింది. ఖాదర్ వరసగా నాలుగు ఆదివారాలు వచ్చి బడి మైదానంలో నా దగ్గరే నేర్చుకున్నాడు. ఆఖరి ఆదివారం బయలుదేరబోతుంటే నాయన మిషను ఆపకుండానే నన్ను పిలిచాడు. "వాడిది పలమనేరు. దోవలో మొగిలి ఘాటుండాది, కొండమలుపుల వాలు. దాంట్లో సైకిలెక్కి కూచోవద్దని చెప్పు. దిగి నడవమను. పట్టీ గట్టిగా కట్టొద్దను, లాగితే ఊడొచ్చేట్టుండాల. నేను చెప్తే ముసలోడి చాదస్తం అనుకుంటాడు. తొక్కేది నువ్వు, నువ్వు చెప్తే నమ్ముతాడు." ఈ రోజుల్లో అయితే అలాంటివి కాగితం మీద అచ్చు వేసి పెట్టెలో పెట్టి పంపిస్తారు. చదివితే చదువుతారు, లేకుంటే లేదు. పాపం ఎవరిదీ కాదు. మా నాయనకు అచ్చు కాగితం లేదు. నేనున్నాను.

చెబుదామనే వెళ్ళాను. ఆ రోజు ఖాదర్ ఎవరూ పట్టుకోకుండా మైదానం చుట్టూ ఆరుసార్లు తిరిగాడు. దిగి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తమ్ముడూ, నీ అంత ధైర్యం నాకు యాడిది? నాకు ఘాటంటేనే భయం. అది దిగొచ్చునా దీని మీద?" అన్నాడు. నేను ఎప్పుడూ మొగిలి ఘాటు ముఖం చూడలేదు, బస్సు కిటికీలోంచి తప్ప. అయినా, "నేను దిగినాను. ఏం కాదు. కాళ్ళు దాంతోపాటే తిప్పతా ఉంటే సరి," అన్నాను. ఎందుకన్నానో అప్పుడే తెలుసు. నన్ను ధైర్యవంతుడు అన్న మొదటి మనిషి ముందు, నేనూ దిగి నడుస్తాను అని చెప్పలేకపోయాను. పట్టీ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు చెప్పవచ్చులే అనుకున్నాను. సైకిలును బస్సు మీద వేసుకుని అతను వెళ్ళిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున పలమనేరు బస్సులో వచ్చిన మనిషి మా షెడ్డు ముందు ఆగి, ఖాదర్ ఘాటులో పడ్డాడని, చిత్తూరు ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాడు. నాయన మిషను ఆపి, ఆ చేతులతోనే బయలుదేరాడు. వద్దన్నా నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఖాదర్ నాయన కోసం చొక్కా కుట్టి, దాన్ని స్వయంగా ఇద్దామని ముందురోజు తెల్లవారుతూనే సైకిలు మీద చిత్తూరికి బయలుదేరాడట. మూడో మలుపు దగ్గర పెడళ్ళు కాళ్ళకు అందలేదు. కుడికాలు జారింది. ఎడమకాలు పట్టీలో ఉండిపోయింది. కల్వర్టు గోడకు కొట్టుకుని సైకిలుతో సహా కిందికి పోయాడు. నుజ్జయింది కుడికాలు. మంచికాలు. మేము వెళ్ళేసరికి దాన్ని మోకాలి కింద తీసేశారు.

అతని భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నాయన తలవైపు నిలబడి, "ఖాదరూ, రింగు గాని వదులయిందా?" అన్నాడు.

"లేదన్నా. నీ పనికి ఏం కాలేదు. ఇప్పటికీ అట్లనే ఉండాది."

నాయన వంగి అతని ఎడమకాలి మీద పట్టీ కోసుకున్న గుర్తు చూశాడు. తర్వాత, "ఘాటులో దిగి నడవమని మావోడు చెప్పలేదా నీకు?" అన్నాడు.

ఖాదర్ నా వైపు చూశాడు. నేను మంచం కోడు పట్టుకుని ఉన్నాను. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఆ చూపులో కోపం ఉందేమోనని ఎన్నో ఏళ్ళు వెతుక్కున్నాను. లేదు. "చెప్పినాడన్నా," అన్నాడు. "శానా సార్లు చెప్పినాడు. నేనే ఇనలేదు."

నాయన బరువుగా ఊపిరి వదిలాడు. ఖాదర్ భార్య లేచి, మట్టి అంటిన కాగితం పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అందులో తెల్ల చొక్కా. కొలతలు ఎప్పుడూ తీసుకోలేదు, కంటితో చూసి కుట్టాడు. ఇంటికి వచ్చి వేసుకుంటే భుజాల దగ్గర, చేతుల దగ్గర అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నాయన అద్దంలో చూసుకుని, "చేతిపని మంచిది. మాట ఇనే గుణం లేదు, అంతే," అని విప్పేశాడు.

ఆ మాట అక్కడితో పోలేదు. మొదట బాధతో అన్నాడు. తర్వాత తర్వాత అది ఆయన నోట గట్టిపడిపోయింది. గానుగ సామాన్లు తెచ్చిన రైతులు సంగతి అడిగితే, "మావోడు లక్ష సార్లు చెప్పినా ఇనలా," అనేవాడు. ఖాదర్‌ను చూడ్డానికి మళ్ళీ పోలేదు. ఒకసారి యాదమరి వైపు నుంచి ఒక పెద్దాయన మనవరాలిని భుజాన ఎత్తుకుని వచ్చాడు. పన్నెండేళ్ళ పిల్ల. రెండు కాళ్ళలో ఒకటి నా కాలిలాంటిదే. పిల్లను దించి, "మీ వోడికి చేసినట్టే చేసియ్యప్పా, బడికి పోతానని ఏడస్తా ఉండాది," అన్నాడు. నాయన తల అడ్డంగా ఊపాడు.

"చేసిస్తే చాల్దు పెద్దాయనా, చెప్పింది ఇనాల. ఎవురూ ఇనరు. ఒకడికి చేసిచ్చి ఉసురు పోసుకున్నా. ఇంక చెయ్యను."

ఆ పిల్ల షెడ్డు గోడకు ఆనించిన నా సైకిలును చూస్తూ ఉంది. నేను అక్కడే ఉన్నాను. నాయనా, నేను చెప్పలేదు, ఖాదర్ విననివాడు కాదు, అని అప్పుడే అనవలసింది. పెద్దాయన పిల్లను మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు. నేను పుస్తకం తిరగేస్తున్నట్టు కూర్చున్నాను.

సైకిలు తొక్కడం నేను మానలేదు. మానేస్తే ఎందుకని నాయన అడుగుతాడు. డిగ్రీ అయ్యేదాకా రోజూ పట్టీ కట్టుకుని తొక్కాను. ఎడమకాలు పైకి లేచినప్పుడల్లా మొదటి రోజు కలిగిన సంతోషం మళ్ళీ కలగలేదు. ఉద్యోగం వచ్చి తిరుపతికి వెళ్ళేటప్పుడు సైకిలును ఇంట్లోనే వదిలేశాను. వెళ్ళే ముందు ఒక్కసారి ధైర్యం చేసి పలమనేరు బస్సెక్కాను. ఖాదర్ అంగడి సంతకు పోయే వీధిలో ఉండేది. కాలితో తొక్కే మిషను తీసేసి చేతితో తిప్పే మిషను పెట్టుకున్నాడు. భార్య పక్కన స్టూలు మీద కూర్చుని చక్రం పిడి తిప్పుతోంది. అతను రెండు చేతులతో గుడ్డను సూది కిందికి జరుపుతున్నాడు. మలుపు వచ్చినప్పుడు, "ఆపు," అంటున్నాడు. ఆమె ఆపుతోంది. మళ్ళీ, "తిప్పు," అంటున్నాడు. వీధికి ఇవతల టీ అంగడి దగ్గర నిలబడి గ్లాసు చల్లారిపోయేదాకా చూశాను. రోడ్డు దాటలేదు. వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను. ఖాదర్ పోయాడని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెప్పగా విన్నాను.

ఇప్పుడు గిరింపేటలో ఆ షెడ్డు లేదు. లేతు మిషనును పాత ఇనుముకు తూచి తీసుకుపోయారు. నా కాలిలాంటి కాళ్ళు ఇప్పటి పిల్లల్లో కనబడవు, అదొక్కటే మంచి జరిగింది. పెద్దవాళ్ళలో మిగిలినవాళ్ళకు మూడు చక్రాల స్కూటర్లు వచ్చాయి. ఒక మనిషి కాలి కోసం ఇంకో మనిషి నెలన్నర ఇనుము కోయవలసిన అవసరం లేదు. అవతలివాడికి చెప్పవలసిన మాట ఇవతలివాడి నోట్లో ఉండిపోయినా ఇప్పుడు పెద్దగా నష్టం లేదేమో. ఆ రోజుల్లో చాలా పనులు మాట మీదే నడిచేవి. మంచి రోజులని అందరూ చెప్పుకుంటారు. నేను చెప్పుకోలేను.

నాయన ఆఖరి నెలలు తిరుపతిలో నా దగ్గరే గడిపాడు. చూపు మందగించింది. చేతులు మాత్రం ఊరుకునేవి కావు, దుప్పటి అంచును బొటనవేలితో కొలుస్తూ ఉండేవి. ఒక మధ్యాహ్నం రాగిజావ తాగిస్తుంటే గిన్నెను పక్కకు జరిపి, "రత్నా, నా చేత అయిన పనుల్లో సరింగా కుదిరింది ఆ హబ్బొకటే," అన్నాడు. "ఆ పలమనేరోడు ఇనుంటే ఇంకా ఎంతమందికో చేసిచ్చుందును. ఆ పిల్లకి చేసిచ్చుందును." ఆ పిల్లను ఆయన మరచిపోలేదని నాకు అప్పుడే తెలిసింది. కనబడని కళ్ళను నా గొంతు ఉన్న వైపు తిప్పాడు. "చెప్పినావు కదా వానికి?"

అన్నేళ్ళలో ఆయన ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదలు. ఆస్పత్రిలో అడిగింది ఖాదర్‌నే. అప్పటిదాకా ఆ అబద్ధం ఖాదర్‌ది, నేను ఊరుకున్నానంతే. ఆయనకు ఉన్నవి ఇంకెన్ని రోజులో నాకు తెలుసు. నిజం చెబితే ఆ రోజుల్లో దాన్ని ఏం చేసుకుంటాడు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది ఆయన మీద దయో, నా మీద నాకున్న దయో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

"చెప్పినాను నాయనా," అన్నాను.

ఆయన తల ఊపి, మిగిలిన జావ తాగాడు.